మీ ప్రతినిధి ఓటు ఎటు పడింది?

చట్టసభలో ఒక బిల్లు చట్టంగా మారే ఆఖరి ఘట్టానికి తరచుగా ఒక నిమిషం కూడా పట్టదు. అధ్యక్షస్థానంలో ఉన్నవారు ప్రశ్నను సభ ముందు ఉంచుతారు. అనుకూలురు 'అవును' అంటారు. ప్రతికూలురు 'కాదు' అంటారు. ఏ పక్షం ధ్వని హెచ్చుగా వినిపించిందో అధ్యక్షులు నిర్ణయించి, బిల్లు ఆమోదం పొందినట్లు ప్రకటిస్తారు. దీనినే మూజువాణి ఓటు అంటారు. మన పార్లమెంటులోనూ, రాష్ట్రాల శాసనసభలలోనూ అధికభాగం చట్టాలు ఈ విధంగానే పుట్టుతున్నవి. ఆ ధ్వనిలో ఏ గొంతు ఎవరిదో సభా కార్యక్రమాల గ్రంథంలో ఎక్కడా కనిపించదు.

ఇందుకు తెలుగువారు దూరం పోయి ఉదాహరణలు వెదకనక్కరలేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానించింది. అది మూజువాణి ఓటు. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆ బిల్లునే ఆమోదించింది. అదీ మూజువాణి ఓటే. రెండు రోజుల అనంతరం రాజ్యసభ కూడా అదే పద్ధతిని అనుసరించింది. కోట్ల మంది జీవితాలతో ముడిపడిన ఆ నిర్ణయంలో సభ్యులు చేసిన ప్రసంగాలు గ్రంథస్థమై ఉన్నవి. తుది ఘడియలో ఎవరు ఎటు నిలిచారో తెలిపే పేర్ల పట్టిక మాత్రం లేదు. విభజనను కోరినవారికీ, వద్దన్నవారికీ ఈ లోటు సమానమే. తమ ప్రతినిధిని అభినందించడానికైనా, నిలదీయడానికైనా ఇరువురికీ లిఖితమైన ఆధారం లేకపోయింది.

ఓటరు ఓటు రహస్యంగా ఉండాలని ప్రజాస్వామ్యం శాసిస్తుంది. అతనిని భూస్వామి నుండీ, యజమాని నుండీ, అధికారి నుండీ కాపాడడమే ఆ రహస్యానికి ప్రయోజనం. ఆ ఓటు అతని సొంతం. దానికి అతడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ప్రతినిధి ఓటు అటువంటిది కాదు. లక్షలాది ప్రజలు అతని చేతిలో ఉంచిన అప్పగింత అది. అప్పగించినవారికి లెక్క చెప్పవలసిందే. ఆ లెక్కకు రెండు భాగాలున్నవి: ఓటు ఎటు వేసినదీ తెలియాలి, ఎందుకు వేసినదీ తెలియాలి. మొదటిది సభ నమోదు చేయవలసిన విషయం. రెండవది సభ్యుడు స్వయంగా ప్రజలకు చెప్పుకోవలసిన విషయం. ఒకటి లోపించినా రెండవదానికి విలువ తగ్గుతుంది.

మన నియమాలలో మొదటిదానికి మార్గం లేకపోలేదు. అధ్యక్షుల నిర్ణయంతో ఏకీభవించని సభ్యుడు 'డివిజన్' కోరవచ్చు. అప్పుడు లోక్‌సభలో గంటలు మ్రోగుతవి. మూడున్నర నిమిషాల అనంతరం లాబీల తలుపులు మూసి, ప్రశ్నను మరల సభ ముందు ఉంచుతారు. సభ్యులు తమ స్థానాల నుండి మీట నొక్కుతారు. ఆ ఓట్లు పేర్లతో సహా చర్చల సంపుటంలో అచ్చవుతవి. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270 ఓట్ల తేడాతో పడిపోయిన సంగతి దేశమంతా ఎరుగును. ఆనాడు ప్రతి ఓటుకూ ఒక పేరు ఉన్నది. రాజ్యాంగ సవరణలకు సభలో ప్రత్యేక ఆధిక్యం అవసరం గనుక అక్కడ లెక్కింపు తప్పదు. 2023 సెప్టెంబరు 20న చట్టసభలలో మహిళలకు స్థానాలు కేటాయించే బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 454 మందీ, ప్రతికూలంగా ఇద్దరూ ఓటు చేశారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాదు సభ్యులు. వెనుకబడిన తరగతుల, ముస్లిం మహిళలకు అందులో ప్రత్యేక వాటా లేకపోవడమే తమ అభ్యంతరమని వారు ప్రకటించారు. ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది ఓటరు ఇష్టం. కాని అక్కడ ఓటూ తెలిసింది, కారణమూ తెలిసింది.

చిక్కు సాధారణ చట్టాల దగ్గర వస్తున్నది. డివిజన్ అనవసరంగా కోరుతున్నారని స్పీకరు భావిస్తే, సభ్యులను తమ తమ స్థానాలలో లేచి నిలబడమని చెప్పి తలలు లెక్కించవచ్చును. అప్పుడు సంఖ్యలే తప్ప పేర్లు నమోదు కావు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షాలు డివిజన్ కోరినవి. సభ్యులు తమ స్థానాలలో లేరన్న కారణంతో అధ్యక్షస్థానం అందుకు అంగీకరించలేదు. గందరగోళం నడుమ మూజువాణి ఓటుతో బిల్లులు నెగ్గినవి. 2021 నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేసే బిల్లు కూడా ఉభయసభలలో, చర్చ లేకుండా, మూజువాణి ఓటుతోనే గట్టెక్కింది. చట్టాలు తెచ్చినప్పుడూ, తీసివేసినప్పుడూ రైతు తన ప్రతినిధి ఓటును పేరుతో చూడలేకపోయినాడు.

అమెరికా రాజ్యాంగకర్తలు 1787లోనే ఈ విషయంలో జాగ్రత్త పడ్డారు. హాజరైన సభ్యులలో అయిదవ వంతు కోరితే చాలు, అవుననేవారి పేర్లూ కాదనేవారి పేర్లూ సభా పత్రికలో నమోదు కావాలని రాజ్యాంగంలోనే వ్రాశారు. అది సభాధ్యక్షుని దయపై ఆధారపడిన హక్కు కాదు. బ్రిటిష్ కామన్స్ సభ 1836 నుండి డివిజన్ పట్టికలను అధికారికంగా ప్రచురిస్తున్నది. అంతకు పూర్వం సభలో జరిగినది బయట అచ్చువేయడమే సభా హక్కులకు భంగమని భావించిన కాలం ఒకటి ఉన్నది.

ఆ కాలంలోనే, ఎవరూ నిర్బంధించకుండా తన ఓటుకు తానే లెక్క చెప్పిన సభ్యుడు ఎడ్మండ్ బర్క్. తరువాత వారన్ హేస్టింగ్స్‌పై అభియోగం నడిపిన కారణంగా భారతీయులకు చిరపరిచితుడైన ఆ వక్త, 1774లో బ్రిస్టల్ రేవుపట్టణం నుండి కామన్స్‌కు ఎన్నికైనాడు. ఓటర్ల ఆదేశాలను సభ్యుడు శిరసావహించాలని ఆయనతో పాటు నెగ్గిన రెండవ అభ్యర్థి ప్రకటించాడు. బర్క్ ఆ వేదికపైనే అందుకు విరుద్ధంగా మాట్లాడాడు. ఓటర్ల అభిప్రాయాన్ని గౌరవిస్తానుగాని, తన వివేకాన్ని వారికి బలిపెట్టనన్నది ఆయన వాదన. ఈ ప్రసంగం నేటికీ పాఠ్యగ్రంథాలలో నిలిచి ఉన్నది. దాని తరువాత ఆయన ఏమి చేశాడన్నది అంతగా ప్రచారంలోకి రాలేదు.

1777లో ఆయన బ్రిస్టల్ షెరీఫులకు సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. అమెరికా కల్లోలాలపై పార్లమెంటు చేసిన రెండు కొత్త చట్టాల ప్రతులను దానితో పాటు పంపాడు. అందులో ఒకటి, నిర్బంధితులను న్యాయస్థానం ముందు నిలపాలనే హక్కును కొందరి విషయంలో నిలుపు చేసే చట్టం. తాను సభకు పోయి దానిని ఎందుకు ఎదిరించలేదో కూడా ఆ లేఖలో వివరించాడు. వేసిన ఓటుకే కాక వేయని ఓటుకు కూడా సంజాయిషీ ఇచ్చాడన్న మాట. మరుసటి సంవత్సరం ఐర్లండు వర్తకంపై ఆంక్షలు సడలించడానికి ఆయన మద్దతిచ్చాడు. ఐర్లండుతో పోటీకి జంకిన బ్రిస్టల్ వర్తకులు ఆగ్రహించారు. వారికి మరి రెండు లేఖలు వెళ్లినవి.

1780 సెప్టెంబరులో ఎన్నికలు వచ్చినవి. నగర భవనంలో బర్క్ తనపై వచ్చిన నాలుగు నేరారోపణలను తానే ఏకరువు పెట్టాడు: నియోజకవర్గానికి తరచుగా రాకపోవడం, ఐర్లండు వర్తకానికి మద్దతు, బాకీదారుల చెరను తగ్గించే బిల్లుకు మద్దతు, రోమన్ కాథలిక్కులపై ఆంక్షల తొలగింపుకు మద్దతు. ఆ జూన్ నెలలోనే కాథలిక్కులపై ద్వేషంతో లండను వీధులు తగులబడినవి. అయినా ఆయన ఒక్క ఓటునూ వెనుకకు తీసుకోలేదు. ప్రతి ఆరోపణకూ వరుసగా సమాధానం చెప్పాడు. గెలుపు అసాధ్యమని గ్రహించి, మూడు రోజుల అనంతరం పోటీ నుండి తప్పుకున్నాడు.

ఈ కథలో బర్క్‌ను మాత్రమే మెచ్చుకుంటే సగం పాఠమే దక్కుతుంది. ఆరోపణలలో మొదటిది నిజమే. ఆయన బ్రిస్టల్‌కు బహు తక్కువగా వెళ్లాడు. ఉత్తరం ఎంత గొప్పదైనా ముఖాముఖికి బదులు కాజాలదు. పైగా ఆయన ఓడినా సభకు దూరం కాలేదు. ఒక ప్రభువు పలుకుబడి గల మాల్టన్ అనే చిన్న స్థానం ఆయనకు సిద్ధంగా ఉన్నది. ఆయనను కాదనే హక్కు బ్రిస్టల్ ప్రజలకు సంపూర్ణంగా ఉన్నది, తెలిసి కాదన్నారు. ప్రతినిధి స్వేచ్ఛగా ఓటు వేయడమూ, ప్రజలు ఆ ఓటును ఎరిగి తీర్పు చెప్పడమూ రెండూ కలిసి సాగినవి. ప్రాతినిధ్యమనగా ఇదే.

ఇరవయ్యవ శతాబ్దంలో ఇంతకంటె కఠినమైన పరీక్ష జానెట్ రాంకిన్‌కు ఎదురయినది. అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి మహిళ ఆమె. 1917లో యుద్ధ ప్రకటనను వ్యతిరేకించిన యాభై మంది ప్రతినిధులలో ఆమె ఒకరు. మరుసటి సంవత్సరం సెనేట్ స్థానానికి పోటీ చేసి విఫలురాలయినది. 1940లో మొంటానా ప్రజలు ఆమెను మరల ఎన్నుకున్నారు. పెర్ల్ హార్బరుపై దాడి జరిగిన మరునాడు, 1941 డిసెంబరు 8న, జపానుపై యుద్ధానికి ప్రతినిధుల సభలో 388 మంది అవునన్నారు. కాదన్నది ఆమె ఒక్కతె. పేరు పిలిచి ఓటు అడిగే సభలో ఆమెకు దాగడానికి చోటు లేదు. దాగాలనీ ఆమె కోరలేదు. 1942లో ఆమె మరల పోటీ చేయలేదు. తరువాతి కాలంలో గాంధీజీ మార్గాన్ని అధ్యయనం చేయడానికి పలుమార్లు భారతదేశం వచ్చింది. ఆనాటి ఆమె ఓటు సరియైనదా అన్నది వేరు ప్రశ్న. ఓటు వేసినది ఎవరో, ఫలితం అనుభవించినది ఎవరో అందరికీ తెలుసు.

మన దేశంలో రాంకిన్ వంటి సభ్యురాలు ఉంటే ఏమి జరుగుతుంది? 1967లో హర్యానాలో ఒక శాసనసభ్యుడు పదిహేను రోజులలో మూడుసార్లు పార్టీ మారిన నాటి నుండి 'ఆయారాం గయారాం' అన్న మాట దేశమంతటా వాడుకలోకి వచ్చింది. ఆ వ్యాధికి మందుగా 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు చేరినది. పార్టీ జారీచేసిన విప్‌ను ధిక్కరించి ఓటు వేసినా, ఓటు వేయక ఊరకున్నా, ముందుగా అనుమతి పొందకపోతే, పదిహేను రోజులలో పార్టీ క్షమించకపోతే, సభ్యత్వమే పోతుంది. 1990లో దినేష్ గోస్వామి సంఘం ఈ నిబంధనను ప్రభుత్వ మనుగడను తేల్చే ఓట్లకు పరిమితం చేయాలని సూచించింది. 1992లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, విప్ ప్రయోగానికి హద్దులు ఉండడం మంచిదని అభిప్రాయపడింది. అవి సూచనలుగానే మిగిలినవి.

కావున మన ప్రతినిధి ఓటుకు రెండు ముసుగులున్నవి. మూజువాణి ఓటులో పేరు కనిపించదు. పేరు కనిపించే డివిజన్‌లో మనసు కనిపించదు. పార్టీ ఆజ్ఞ మాత్రమే కనిపిస్తుంది. ఇటువంటి పరిస్థితిలో ఓటు నమోదు వలన ప్రయోజనమేమని కొందరు అడగవచ్చు. ప్రయోజనం ఉన్నది. సభ్యుడు ఆనాడు సభలో ఉన్నాడా లేడా అన్నది తెలుస్తుంది. ఊరికి వచ్చి ఒక మాట చెప్పి, సభలో వేరొక మీట నొక్కినాడా అన్నది తెలుస్తుంది. విప్ లేని అనధికార బిల్లులలో అతని సొంత అభిప్రాయం బయటపడుతుంది. విప్‌కు లోబడి ఓటు వేసినవాడు సైతం, 'నా అభిప్రాయం ఇది, పార్టీ నిర్ణయం అది' అని ప్రజలకు చెప్పడాన్ని ఈ షెడ్యూలు ఓటుతో సమానంగా చూడదు. చెప్పడానికి కావలసినది ధైర్యమే.

ప్రస్తుతం ప్రతినిధులు ప్రజలకు చెప్పుకునే లెక్క వేరు. పార్లమెంటు సభ్యునికి నియోజకవర్గ అభివృద్ధికై ఏటా అయిదు కోట్ల రూపాయల పనులను సిఫారసు చేసే అవకాశం ఉన్నది. కరపత్రాలలో బోరుబావులు, సామాజిక భవనాలు, సిమెంటు రోడ్లు, శంకుస్థాపన ఛాయాచిత్రాలు ఉంటవి. ఓట్ల ప్రస్తావన ఉండదు. ప్రజలలోనూ లోపం ఉన్నది. ఉదయమే ప్రతినిధి ఇంటి ముందు వేచియుండేవారు బదిలీకి, పింఛనుకు, ఆసుపత్రికి సిఫారసు ఉత్తరం కోరుతారు. వారి అవసరాలు నిజమైనవే. కాని ఫలానా బిల్లుపై మీరు ఏమన్నారని అడిగేవారు ఆ గుంపులో అరుదు. హాజరు ఎంత, ప్రశ్నలు ఎన్ని అన్న వివరాలు తెలుసుకోవచ్చును. అవి కూలివాని మస్తరు వంటివి. పనికి వచ్చినాడని చెప్పుతవిగాని ఏమి కట్టాడో చెప్పవు.

రాజ్యాంగాన్ని మార్చకుండానే కొన్ని పనులు చేయవచ్చు. ప్రతి బిల్లు తుది ఆమోదాన్ని పేర్లతో నమోదు చేసేటట్లు సభలు తమ నియమాలను సవరించుకోవచ్చు. మీటలు, తెరలు అమర్చుకున్న సభకు అది కొద్ది నిమిషాల పని. ప్రతి సమావేశం ముగిసిన పిదప సభ్యుడు ముఖ్యమైన బిల్లులపై తన ఓటునూ, కారణాన్నీ ఒక పుటలో తన ప్రజల భాషలో ప్రచురించవచ్చు. 1777లో గుర్రాలపై టపా సాగే రోజులలో ఒక సభ్యుడు చేసిన పని నేడు అసాధ్యం కాజాలదు.

అంతవరకు ఓటరు చేతిలో ఒక సాధనం ఉన్నది. అది ప్రశ్న. ఈసారి ప్రతినిధి ఊరికి వచ్చినప్పుడు రోడ్డు గురించి అడగవచ్చు, నీటి గురించి అడగవచ్చు. వాటితో పాటు గత సమావేశంలో నెగ్గిన ఒక్క చట్టం పేరు చెప్పి, 'అందులో తమరి ఓటు ఎటు పడింది, ఎందుకు?' అని కూడా అడగాలి. పది గ్రామాలలో ఈ ప్రశ్న వినిపించిన సభ్యుడు, పదకొండవ గ్రామానికి సమాధానం సిద్ధం చేసుకొనే వస్తాడు.