కోసుడూ – కోతా

మొన్న హాలియాలో మా తమ్ముడింటికి వెళ్ళాను. ఏడో తరగతి చదివే మేనకోడలు ముఖం ముడుచుకుని కూర్చుంది. 'అరైవల్' అని వందసార్లు రాసుకెళ్తేగాని క్లాసులోకి రానివ్వరట. చేసిన నేరం? 'అరైవ్' అనే క్రియకు నామవాచకం అడిగితే 'అరైవ్‌మెంట్' అని రాసింది.

"అట్ల రాస్తివేందే?" అన్నాను.

"మూవ్‌కు మూవ్‌మెంటు, అగ్రీకి అగ్రిమెంటు గద అత్తా!"

చెప్పొద్దూ, ముచ్చటేసింది. తప్పే రాసింది, కాని ఆలోచించి రాసింది. మార్కు వేయకపోతే పోనీ, ఆ ఆలోచనకు శిక్ష ఎందుకండీ?

బజారు గైడ్లు ఇటు క్రియ, అటు నామవాచకం పేర్చి బట్టీ పట్టమంటాయి. ఈ విద్య పిల్లకు ఇంట్లోనే వచ్చునని ఒక్కరూ చెప్పరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊళ్ళివి. పండితే పంట, వండితే వంట. కోస్తే కోత, మేస్తే మేత. మరి నడిస్తే? నడక. నడత అంటే మళ్ళీ వేరు! ఇంగ్లీషూ అంతే. 'ప్రపోజ్'కు పుట్టిన ప్రపోజలూ, ప్రపోజిషనూ చెరో అర్థం పంచుకున్నాయి. 'గ్రోత్' చివరి 'త్' ఇంగ్లీషు సొంత సొత్తు. 'మెంట్', 'అల్' తోకలు 1066లో నార్మన్లు గెలిచాక ఫ్రెంచి వెంట వచ్చిన అరణాలు. అందుకే అన్నిటికీ ఒకే లెక్క కుదరదు. ఈ ముక్క చెబితే పిల్ల తప్పు తానే దిద్దుకోదూ?

మా నల్లగొండ 'వచ్చుడు, పోవుడు' వింటే మొరటని ముక్కు చిట్లిస్తారు. అయ్యా, ఆ 'ఉడు' పని ఇంగ్లీషులో 'ఇంగ్' చేసే పనే! కోసుడు రీపింగ్, కోత హార్వెస్ట్. వచ్చుడు అరైవింగ్, రాక అరైవల్. బడి మొహం చూడని మా అమ్మ కూడా ఈ తేడా తప్పకుండా మాట్లాడుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇలాంటి మాటలకు కృదంత పరిచ్ఛేదమే కేటాయించాడు.

తెలుగు కలిపితే ఇంగ్లీషు చెడుతుందంటారు. బట్టీ కొంత తప్పదు, ఒప్పుకుంటాను. కాని తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదానికి వెళ్ళడం చదువు. తెలిసినదానికి సిగ్గుపడమనడం చదువెలా అవుతుంది? తల్లులారా, పిల్లల పక్కన కూర్చోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, వంటా పంటా వచ్చు కదా!

ఆ రాత్రి పిల్ల వందసార్లూ రాసింది. మధ్యలో తలెత్తి, "రాసుడు అంటే రైటింగు. మరి రాత?" అంది.

"చేతిదేనే తల్లీ, నుదుటిది కాదు" అన్నాను.