పిడక లాంటి నవ్వు

‘నవ్వు నాలుగు విధాల చేటు’ అన్నారు పెద్దలు. ఈ సామెతను మన హాస్టల్ మాత్రం ఒప్పుకోదు. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి పట్టుకొని ఇల్లు విడిచి వచ్చిన మనకు నవ్వే లేకపోతే మొదటి వారంలోనే సగం మందిమి తిరుగు బస్సు ఎక్కేవాళ్ళం. కంచంలో నీళ్ళచారు చూసి ‘దిగువ కాలువకు నీళ్ళు వదిలినారప్పా!’ అని ఒకడు అంటే వరుస వరుసంతా నవ్వుతుంది. చారు చిక్కబడదు గానీ అన్నం లోపలికి దిగుతుంది.

కరువు సీమకు నవ్వు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో సీతమ్మ కష్టాలకు కళ్ళు తుడుచుకునే జనాన్ని కేతిగాడు, బంగారక్క వచ్చి కడుపుబ్బ నవ్వించేవారు. ఏడుపు పక్కనే నవ్వు ఉండాలని మన పెద్దలకు తెలుసు.

అయితే ఏ నవ్వైనా మంచిదేనా? దీనికి జవాబు ఆస్పరి మండలం కైరుప్పలలో ఉంది. ఏటా ఉగాది మరునాడు అక్కడ ఊరు రెండు వర్గాలుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామి, కాళికాదేవి ప్రేమించుకున్నారనీ, పెళ్ళి దగ్గర తగవు వచ్చి ఇరువైపులవారూ పిడకలు విసురుకున్నారనీ అక్కడి కథ. దెబ్బలు తగిలినవాళ్ళు విభూతి రాసుకుంటారు. తర్వాత దేవుళ్ళకు కల్యాణం జరుగుతుంది. పిడక దెబ్బ కూడా నొప్పే. కానీ అక్కడ పిడక రెండు వైపులా ఉంటుంది. కొట్టినవాడూ తింటాడు, తిన్నవాడూ కొడతాడు. చివరికి అందరూ ఒకే పెళ్ళివారు.

హాస్యం కూడా అలాగే ఉండాలని మేమంటున్నాము. ఎదుటివాడు తిరిగి విసరగలిగితేనే అది హాస్యం. విసరలేనివాడి మీద వేస్తే అది పిడక కాదు, రాయి. అమ్మానాన్నలు సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోతే, పండక్కి కూడా హాస్టల్లోనే ఉండిపోయిన పిల్లవాణ్ణి ‘నీకు ఇల్లు లేదా’ అని ఎగతాళి చేస్తే వాడు ఏం విసురుతాడు? రంగు, చిరిగిన చొక్కా, కన్నడం కలిసిన యాస, వీటిపై వేసే జోకులూ అంతే. బయట బడిలో ‘హాస్టలోళ్ళు’ అని మూతి తిప్పుకొని నవ్వేవాళ్ళను మనం చూసినాము. ఆ నవ్వు ఎంత మండుతుందో మనకు తెలుసు. అదే నవ్వును మన గదిలోకి తెచ్చి మన తమ్ముళ్ళ మీద వేయడం న్యాయమా?

‘సరదాకన్నాను’ అనే మాట అన్నిటికీ సాకు కాదు. మన రాష్ట్రం 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. నలుగురిలో కులం పేరుతో దళిత, గిరిజనులను అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చట్టాలు రావలసి వచ్చాయంటే, సరదా పేరుతో ఎంతమంది ఏడ్చి ఉంటారో ఆలోచించండి.

కాబట్టి తమ్ముళ్ళారా, బాగా నవ్వండి. చారు మీద, పరీక్షల మీద, మన మీద మనం నవ్వుకుందాం. కొత్తగా వచ్చినవాడికి ముందు మనమీద జోకు వేసే హక్కు ఇద్దాం. ఇక ఎవరైనా మిమ్మల్ని చూసి నవ్వితే కుంగిపోవద్దు. నవ్విన నాపచేనే పండుతుంది. ఈ వార్షికోత్సవానికి ఉద్యోగాల నుంచి సెలవు పెట్టి వచ్చిన మన అన్నలను చూడండి. ఒకప్పుడు లోకం నవ్విన చేలు అవే.