డాక్టరు పేజీ: తండ్రి సంతకం

ఈ నెల మోకాళ్ళ నొప్పుల గురించి వ్రాస్తామని మాట ఇచ్చాము. వచ్చే నెలకు వాయిదా వేస్తున్నందుకు మోకాళ్ళ నొప్పులున్న పాఠకులు మన్నించాలి. ఉగాది సభలో పులిహోర కోసం వరుసలో నిలబడి ఉండగా ఒక సోదరి మమ్మల్ని ప్రక్కకు పిలిచి, సంచీలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి చూపించారు. వాళ్ళ అబ్బాయికి పదిహేడేళ్ళు. స్కూలు చివరి సంవత్సరం. సైన్యంలో చేరతానంటున్నాడు. పద్దెనిమిది నిండలేదు గనుక తల్లిదండ్రుల సంతకం కావాలి. "డాక్టరు గారూ, వాడికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. అది ఇప్పటికీ తగ్గలేదని మీరొక ఉత్తరం వ్రాసిస్తే ఈ గొడవ ఇక్కడితో ఆగిపోతుంది" అన్నారావిడ.

మేము అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మరునాటి సాయంత్రం మన సొసైటీలో అందరికంటె ముందు ఈ దేశం వచ్చిన పిల్లల డాక్టరు గారింటికి వెళ్ళాము. ఆయన ప్రాక్టీసు మాని చాలా ఏళ్ళయింది. విషయం విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇదే ఉత్తరం నన్ను 2005లో ఒకావిడ అడిగిందయ్యా" అన్నారు. ఆయన చెప్పినది వ్రాస్తున్నాము. ఆ కథలోని కుర్రవాణ్ణి కూడా ఫోనులో అడిగాము. "పేర్లు లేకుండా వ్రాసుకోండి" అన్నాడు. కుర్రవాడంటే ఇప్పుడు మా ఈడువాడే.

2005 ఎలాంటి సంవత్సరమో అప్పుడు ఇక్కడ ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. 2003 మార్చిలో ఇరాక్ మీదికి వెళ్ళారు. ఏ ఆయుధాల పేరు చెప్పి వెళ్ళారో అవి దొరకలేదు. 2004లో అబూ గ్రైబ్ జైలు ఫొటోలు బయటపడ్డాయి. 2005 ఆగస్టులో, ఇరాక్‌లో కొడుకును పోగొట్టుకున్న సిండీ షీహన్ అనే తల్లి టెక్సాస్‌లో అధ్యక్షుడు బుష్ గారి పొలం దగ్గర గుడారం వేసుకుని కూర్చుంది. ఆ సంవత్సరం ఆర్మీ ఎనభై వేల మందిని చేర్చుకోవాలనుకుంటే సుమారు డెబ్బయి మూడు వేల మందే దొరికారు. పిల్లలు ఒప్పుకున్నా ఇంట్లో పెద్దలు అడ్డుపడుతున్నారని గ్రహించి, ఆర్మీ వారు తల్లిదండ్రుల కోసమే వేరుగా టీవీ ప్రకటనలు తయారు చేయించారు.

అలాంటి రోజుల్లో ఈ కుర్రవాడికి సైన్యంలో చేరాలన్న కోరిక పుట్టింది. రిక్రూటరు సార్జెంటు స్కూలు భోజనాల హాలుకు వచ్చేవాడు, ఇంటికి ఫోను చేసేవాడు. ఫోను నంబరు ఎవరిచ్చారని తండ్రి మండిపడ్డాడు. ఇచ్చింది స్కూలే. 2002 జనవరి నాటి విద్యా చట్టం ప్రకారం, అడిగితే హైస్కూళ్ళు విద్యార్థుల పేరు, చిరునామా, ఫోను నంబరు రిక్రూటర్లకు ఇవ్వాలి. తల్లిదండ్రులు వద్దని వ్రాసి ఇస్తే మాత్రం ఇవ్వరు. తరువాత 2015లో వచ్చిన చట్టంలోనూ ఈ నియమం ఉంది. స్కూలు తెరిచినప్పుడు వచ్చే కాగితాల కట్టలో ఆ కాగితం కూడా ఉంటుంది. మనలో ఎందరు చదువుతాము?

డబ్బు కోసం వెళ్ళే పిల్లలున్నారు. ఇతనికి ఆ అవసరం లేదు. కాలేజీ ఫీజు తండ్రి కూడబెట్టి ఉంచాడు. "నా క్లాసులో ఫీజు కట్టలేనివాళ్ళు వెళుతున్నారు. నేను మాత్రం ఎందుకు వెళ్ళకూడదు?" అన్నాడట. తండ్రి కాకినాడలో చదివిన ఇంజనీరు, నెమ్మదైన మనిషి. "ఆ యుద్ధం తప్పని నువ్వే అంటావు, దానికి నువ్వే పోతానంటావు, ఇదెక్కడి తర్కంరా?" అన్నాడు. దానికి కొడుకు, "పౌరసత్వం తీసుకున్న రోజున, చట్టం అడిగితే ఈ దేశం కోసం ఆయుధం పడతానని నువ్వు చెయ్యెత్తి చెప్పలేదా నాన్నా?" అన్నాడు. తండ్రి దగ్గర జవాబు లేదు. ఆ ప్రమాణం మనలో చాలామంది చేశారు. ఫొటో తీయించుకుని, కేకు కోసి, ఇంటికి వచ్చేశారు. మాకూ త్వరలో ఆ రోజు రావచ్చు.

తండ్రి సంతకం పెట్టనన్నాడు. తల్లి మన డాక్టరు గారి దగ్గరికి వచ్చింది. నిబంధన ఏమిటంటే, పదమూడో పుట్టినరోజు దాటిన తరువాత ఉబ్బసం ఉంటే సైన్యంలో చేరడానికి అడ్డు. ఈ కుర్రవాడికి అయిదో ఏట వచ్చి ఎనిమిదో ఏటికి పోయింది. "పదిహేనేళ్ళ దాకా ఉందని వ్రాయండి అన్నయ్య గారూ" అని ఆవిడ ఏడ్చింది. ఈయన వ్రాయలేదు.

ఎందుకు వ్రాయలేదో చెబుతూ ఆయన 1970కి వెళ్ళారు. గ్రీన్ కార్డుతో వచ్చిన మగవాళ్ళు కూడా డ్రాఫ్టుకు పేరు ఇవ్వవలసిన రోజులవి. డాక్టర్లకు వేరుగా పిలుపు ఉండేది. ఈయన కూడా కార్డు జేబులో పెట్టుకు తిరిగారు, వంతు రాలేదు. 1969 డిసెంబరు 1న పుట్టినరోజుల తేదీలు గాజు జాడీలో వేసి లాటరీ తీశారు. నంబరు తగిలిన కుర్రవాళ్ళు డాక్టర్ల వెంట పడ్డారు. చదునుపాదాలు, నడుము నొప్పి, ఉబ్బసం అని ఉత్తరాలు వ్రాసి ఇచ్చిన డాక్టర్లున్నారు. "ఆ ఉత్తరాలు ఎవరికి దొరికేవయ్యా? ఇంటి డాక్టరు ఉన్నవాళ్ళకు. డ్రాఫ్టు బోర్డుకు ఇంతమంది అని లెక్క. ఒకడు తప్పుకుంటే ఇంకొకడు పోవలసిందే. ఆ ఇంకొకడి తల్లికి డాక్టరు తెలియదు" అన్నారు. 1973 తరువాత డ్రాఫ్టు లేదు. 2005లో ఒకరు మానితే వారి బదులు ఫలానావాడని ఎవరినీ లాక్కుపోలేదు. అయినా చెయ్యి రాలేదన్నారు.

ఉత్తరం వ్రాయలేదు గాని, కుర్రవాణ్ణి పిలిపించి మాట్లాడారు. కాంట్రాక్టు చదివావా అన్నారు. చదవలేదు. మొత్తం బాధ్యత ఎనిమిదేళ్ళని అతనికి తెలియదు. నాలుగేళ్ళనుకున్నాడు. గడువు తీరినా ఇంటికి పంపకుండా ఆపివేసే పద్ధతి ఆ రోజుల్లో ఉండేది. అదీ తెలియదు. నోటితో చెప్పి కాగితం మీద లేని మాటకు విలువ లేదనీ, సంతకం చేసినా శిక్షణకు బయలుదేరే దాకా వెనక్కు తగ్గవచ్చనీ ఈయనే చెప్పారు. కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు. పద్దెనిమిది నిండిన వారంలోనే వెళ్ళి తన సంతకం తనే పెట్టి వచ్చాడు. అప్పటి నుంచి తండ్రి అతనితో మాట్లాడడం మానేశాడు. అది 2006. మేము ఆ రోజుల్లో గుంటూరులో అనాటమీ పుస్తకం మోస్తున్నాము. ఎమ్సెట్ దరఖాస్తు నింపింది మా నాన్నగారు. డాక్టరు అవుతావా అని ఎవరూ అడిగిన గుర్తు లేదు, మేమూ అడగాలనుకోలేదు.

2007లో ఇరాక్ పంపారు. వెళ్ళే ముందు ప్రతి సైనికుడూ ఒక ఫారం నింపాలి. ఏమైనా జరిగితే ఎవరికి చెప్పాలి అనేది అందులో ఉంటుంది. అనారోగ్యం వల్ల ఎవరికి నేరుగా చెప్పకూడదు, వారి బదులు ఎవరికి చెప్పాలి అని ఒక గడి కూడా ఉంది. కుర్రవాడు ఆ గడిలో అమ్మ పేరు వ్రాశాడు. ఆవిడకు గుండె ఆపరేషను అయింది, అది సరే. క్రింద నాన్న పేరు కూడా వ్రాసి బి.పి. అన్నాడు. బి.పి. ఉన్న మాట నిజమే. కారణం మాత్రం అది కాదు. బదులు ఎవరికి అన్నచోట మన డాక్టరు గారి పేరు, చిరునామా పెట్టాడు. "అంకుల్, మీరైతే వాళ్ళకు మెల్లగా చెబుతారు" అని ఫోను చేశాడు.

ఆర్మీ గడువు పదిహేను నెలలకు పొడిగించిన సంవత్సరం అది. ఆ పదిహేను నెలలూ వీధిలో తెలియని కారు ఆగితే ఈ దంపతులిద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళేవారట. ఆ కబురు ఫోనులో రాదు, యూనిఫారంలో ఇద్దరు గుమ్మంలోకి వస్తారు. ప్రతి నెలా ఇదే సొసైటీ సమావేశంలో ఆ తండ్రి ప్రక్కన కూర్చుని భోజనం చేశారు. చెప్పలేదు.

కుర్రవాడు 2008లో క్షేమంగా తిరిగి వచ్చాడు. తండ్రి విమానాశ్రయానికి వెళ్ళాడు, సూట్‌కేసు తనే మోశాడు. ఫారం సంగతి ఆయనకు చివరి దాకా తెలియలేదు. ఇప్పుడాయన లేరు. "ఉబ్బసం ఉత్తరం వ్రాయనని పెద్ద నీతిమంతుణ్ణి అయ్యాను. బి.పి. గడికి మాత్రం ఊ కొట్టాను. ముందు పోయి మీ నాన్నకు ఈ మాట చెప్పి రారా అని వాణ్ణి ఒక్కసారైనా అనలేదు" అన్నారు డాక్టరు గారు. ఆయన భార్య లేచి కాఫీ కలపడానికి వెళ్ళారు.

ఉగాది నాటి సోదరికి మేము ఫోను చేసి, ఉత్తరం వ్రాయలేమని చెప్పాము. ఎనిమిదేళ్ళ సంగతి, వెనక్కు తగ్గే వీలు సంగతి చెప్పాము. ఇంటికి వస్తే కాంట్రాక్టు అందరం కూర్చుని చదువుదామన్నాము. ఆవిడ అంతా విని, "మీ అబ్బాయైతే సంతకం పెడతారా?" అన్నారు.

మా వాడికి తొమ్మిదేళ్ళండీ అన్నాము. అది జవాబు కాదని ఆవిడకూ తెలుసు, మాకూ తెలుసు.

కాగితం ఇంకా వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం క్రిందే ఉందట. జూన్‌లో అబ్బాయికి పద్దెనిమిది నిండుతాయి. మోకాళ్ళ నొప్పులు వచ్చే నెల.