దేవాంగ పిల్లిని పట్టకండి, పట్టనివ్వకండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతులకు, రాత్రిపూట అడవి దారుల్లో బండి నడిపేవాళ్లకు, కొండకింది పల్లెల తల్లిదండ్రులకు ఈ మాట. మన శేషాచలం అడవుల్లో దేవాంగ పిల్లి ఉంది. పేరుకే పిల్లి, నిజానికి కోతులకు దూరపు చుట్టం. తోక ఉండదు. పావుకిలో అటూఇటూ బరువు, పుల్లల్లాంటి కాళ్లు, మొహం నిండా కళ్లు. దానికి ముంచుకొస్తున్న ముప్పులో చాలాభాగం మన చేతులతో ఆపగలిగిందే. అందుకే ఇంత తొందరపడి చెబుతున్నాం.

అది కొమ్మల మీద బతికే జీవి. పగలంతా గుబురులో ముడుచుకుని నిద్రపోతుంది. చీకటి పడ్డాక లేచి చీమల్ని, చెదల్ని, పెంకు పురుగుల్ని ఏరుకుని తింటుంది. చెట్టు మీంచి చెట్టు మీదికి దూకలేదు. ఈ కొమ్మ ఆ కొమ్మకు అందితేనే దానికి దారి. రోడ్డు వెడల్పు కోసం చింతచెట్లు కొట్టేసినా, చేనిగట్టు పొదల్ని జేసీబీతో పెరికేసినా ఆ దారి తెగిపోతుంది. ఇక నేలకు దిగక తప్పదు. నేలమీద దాని నడక నిదానం. కుక్కలకు దొరికిపోతుంది. లారీ కిందా పడుతుంది. కొమ్మ అందక కరెంటు తీగ పట్టుకుంటే అంతే సంగతులు. అడవి పక్క రోడ్డు మీద రాత్రి చిన్నగా మెరిసే రెండు కళ్లు కనిపిస్తే, దయచేసి వేగం తగ్గించండి.

అంతకన్నా భయపెట్టేది మనిషి నమ్మకం. చేతబడికి పనికొస్తుందనీ, కళ్లు మందుకు వాడతారనీ చెప్పి దీన్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. అమ్మా, అయ్యా, ఆ కళ్లలో ఏ మందూ లేదు. చీకట్లో పురుగును వెతుక్కోవడానికే దానికవి. సంతలో ఎవరైనా గోనెసంచి విప్పి చూపించినా, ఫోనులో బొమ్మ పంపి బేరం పెట్టినా ఊరుకోకండి. అటవీశాఖకు వెంటనే చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు. పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా జైలే. నేరం రుజువైతే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్లదాకా ఉంటుంది. ‘ముద్దుగా ఉంది, పెంచుకుందాం’ అనే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

మంచి మనసుతో చేసే పొరపాటు ఇంకోటి ఉంది. ఈ తల్లి అయిదున్నర నెలలు మోసి ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. రాత్రి మేతకు పోయేటప్పుడు పిల్లను కొమ్మకు వదిలి పోతుంది. ఒంటరిగా కనబడిందని జాలిపడి దాన్ని ఇంటికి తెచ్చారంటే, తిరిగొచ్చిన తల్లికి అక్కడ పిల్ల ఉండదు. దెబ్బ తగిలి కింద పడి ఉంటే తప్ప ముట్టుకోకండి. ముట్టక తప్పకపోతే వట్టి చేతులతో పట్టొద్దు, కరుస్తుంది. గుడ్డ కప్పి, గాలి ఆడేలా బొక్కలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. పాలు పోయకండి, అరటిపండు పెట్టకండి, సెల్ఫీల కోసం మొహం మీద లైటు కొట్టకండి. అటవీ సిబ్బంది వచ్చేదాకా పెట్టెను చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచితే చాలు.

ఎండలు ముదిరితే కొండకు నిప్పంటుకుంటుంది. దుప్పి పరిగెత్తగలదు, పక్షి ఎగిరిపోగలదు. పొదలో నిద్రపోతున్న ఈ జీవి ఎక్కడికి పోగలదు? ఆర్పకుండా విసిరిన బీడీ, మేత కోసం కసువుకు పెట్టిన మంట, కొండెక్కి వంట చేసుకుని అలాగే వదిలేసిన పొయ్యి ఒక్కపూటలో గుట్టను బూడిద చేస్తాయి.

పొరుగున తమిళనాడు 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లోని కడవూరు అడవిని, 11,806 హెక్టార్లు, కేవలం ఈ జంతువు కోసమే అభయారణ్యంగా ప్రకటించింది. మనకు 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా గుర్తించారు. అయితే ఆ హద్దులు మన చేనిగట్టు దాకా రావు. గట్టుమీది చెట్టూ పొదా మీ చేతిలోనివే. అందుకే రైతన్నలారా, మిమ్మల్నే అడుగుతున్నాం. కంచె కొట్టే ముందు పగటివేళ కొమ్మలన్నీ ఒకసారి పరికించి చూడండి. ఆ జీవి కనబడితే గొడ్డలి పక్కన పెట్టి అటవీశాఖకు ఫోను చేయండి. కనబడకపోయినా, అడవిని ఆనుకున్న వైపు నాలుగు చెట్లు కొమ్మలు కలిసేలా ఉంచేయండి.