గిన్నె మిగిలింది, వంట మాటేంటి?

1990లో అమెరికాలోని మిషిగన్‌లో జాన్ హార్టమ్ అనే బళ్ళో మాస్టారు పిల్లలచేత మట్టిగిన్నెలు చేయించారు. విందుకొచ్చినవాళ్ళకి వాటిల్లోనే సూప్ పోసి, రొట్టె పెట్టి, "గిన్నె మీరే ఉంచుకోండి, ఆకలితో ఉన్నవాళ్ళని గుర్తుపెట్టుకోండి" అన్నారు. వచ్చిన విరాళాలు ఆకలిగొన్నవాళ్ళకి. అదే 'ఎంప్టీ బౌల్స్' పేరుతో ఊరూరా పాకింది.

ఆలోచన బ్రహ్మాండం. నా పేచీ ఒక్కటే. గిన్నె ఇంటికెళ్తుంది, చేసినవాళ్ళు గుర్తుంటారు. సూప్ కాచినవాళ్ళ కష్టం మాత్రం పావుగంటలో అయిపోతుంది. మా ఆఫీసులోనూ ఇంతే... తెర అందంగా గీసినవాడికి చప్పట్లు, రాత్రంతా సర్వర్ కాసినవాడి పేరు ఎవరికీ తెలీదు.

విందు ఇద్దరిదీ కదా! మట్టి పచ్చిగా ఉన్నప్పుడే గిన్నె అడుగున వంటవాళ్ళ పేరు కూడా చెక్కాలి. నా మటుకు నాకు అదే న్యాయం. మీరేమంటారు?