అమెరికా అడవిలో వనభోజనం

ఇక్కడ అడవికి వెళ్ళేముందు నారింజ రంగు చొక్కా ఒకటి కొనుక్కోవాలని నాకెవ్వరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వారం మీకు రాయడానికి నా దగ్గర ఈ కథ ఉండేది కాదు. పోయిన కార్తీకమాసంలో, అంటే 2025 నవంబరులో, నేనూ మా పక్కవీధి వదినా చేసిన నిర్వాకం ఇది. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, చివరిదాకా చదవండి. అమెరికాలో ఉన్న మీ పిల్లల దగ్గరికి మీరూ ఎప్పుడో ఒకప్పుడు వస్తారు కదా, పనికొస్తుంది.

మా అబ్బాయి ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోయాడు. పొద్దున్నే లేచి లంచ్ బాక్స్ కట్టే పని పోయింది. మావారు ఆఫీసుకి వెళ్ళాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఫ్రిజ్ చప్పుడు కూడా వినపడేది. ఇంటర్ చదివి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. ముప్ఫై ఎనిమిదేళ్ళకి కారు నేర్చుకున్నాను. అయినా కారు తీస్తే స్కూలు, ఇండియన్ స్టోర్, గుడి. అంతకుమించి ఎక్కడికీ పోయెరగను. నా అంతట నేను, ఏ పనీ లేకుండా, ఊరికే వెళ్ళిన మొదటి చోటు ఈ అడవే.

దాని పేరు అసన్‌పింక్. న్యూజెర్సీలో మా ఇంటికి అరగంట దూరం. పేరు చూసి గులాబీ రంగు అనుకోకండి. అది ఇక్కడి పూర్వపు ఆదివాసులైన లెనాపేల మాట. రాళ్ళున్న వాగు అని అర్థమట. ఆరువేల ఎకరాలకి పైనే ఉంటుంది. మధ్యలో 225 ఎకరాల చెరువు. పొలాలు, తుప్పలు, మధ్యమధ్య అడవి. టిక్కెట్టు లేదు. తెల్లవారుజామున 5 గంటల నుంచి రాత్రి 9 దాకా ఎవరైనా వెళ్ళొచ్చు. దీన్ని వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా అంటారు. మన భాషలో చెప్పాలంటే జంతువుల కోసం ప్రభుత్వం చూసుకునే భూమి.

వదిన ఆ మాట వినగానే, "అయితే మన నల్లమల లాంటిదే కదా వదినా, వనభోజనానికి వెళ్దాం" అంది. మాది మార్కాపురం వైపు. నల్లమల అంచున పెరిగినదాన్ని. అడవంటే నాకు భయం లేదు అనుకున్నాను. పులిహోర, దద్దోజనం, చిమ్మిలి ఉండలు కట్టుకుని ఒక శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఓక్ చెట్టు కింద దుప్పటి పరిచి, దానికే దణ్ణం పెట్టుకుని తిన్నాం.

తింటుంటేనే దూరంగా ఢాం ఢాం అని చప్పుళ్ళు. టపాకాయలనుకున్నాం!

వదిన లేచి చెట్టు మొదట్లో ఎర్రగా పండిన తీగ చూసింది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు. "అచ్చం మారేడు దళంలా ఉంది, శివుడికి నాలుగు కోసుకుంటా" అని చెయ్యి చాపింది. నేను పట్టుకుని లాగేశాను. మా అబ్బాయి చిన్నప్పుడు స్కౌట్స్‌లో నేర్చుకొచ్చి ఇల్లంతా పాడిన పాఠం అది. మూడాకుల తీగ ముట్టుకోకూడదు. దాన్ని పాయిజన్ ఐవీ అంటారు. దాని నూనె చర్మానికి తగిలితే చాలామందికి దద్దుర్లు, నీటిపొక్కులు వచ్చి వారాలపాటు దురద వదలదు. ఆకులు రాలిపోయాక ఒట్టి తీగ ముట్టుకున్నా అంతే. తగిలిందని అనుమానం వస్తే వెంటనే సబ్బుతో బాగా కడుక్కోవాలి. బట్టలు కూడా ఉతకాలి.

తిన్నాక నడక మొదలుపెట్టాం. చెరువుని చుట్టి మళ్ళీ మొదటికి వచ్చే దారి ఉంది. కొంత కాలిబాట, కొంత గడ్డి దారి, కొంత రోడ్డు. నేను వదినకి ఒక ఉపాయం చెప్పాను. గుడికి ప్రదక్షిణం చేసినట్టు చెరువుని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకుంటే చాలు, తిరిగి కారు దగ్గరికే వస్తాం అని. బాగానే ఉంది. గంటసేపు బాగానే నడిచాం. గడ్డిలోంచి అడవి టర్కీ కోళ్ళు వరసగా దాటాయి. నీళ్ళ ఒడ్డున కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. వదిన ఫోనులో ఫోటోలే ఫోటోలు. నా ఫోను కారులోనే ఉండిపోయింది.

ఒకచోట దారి బురదగా ఉందని పక్కకి తిరిగాం. అక్కడే తప్పు చేశాం. కంచెలా పెరిగిన తుప్పల వెంట పోయి పోయి ఒక పొలంలో తేలాం. అది దాటితే ఇంకో పొలం. అన్నీ ఒకేలా ఉన్నాయి. చెరువు ఎటుందో తెలీదు. వదిన ఫోను తీసి చూస్తే చార్జింగ్ అయిపోయింది.

ఇంకో సంగతి కూడా మర్చిపోయాం. ఇక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుతారు. దాంతో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. మేము ఇంకా ఆరింటి వెలుతురు లెక్కలోనే ఉన్నాం. చూస్తుండగానే చెట్ల నీడలు పొడుగైపోయాయి. చలి మొదలైంది. ఢాం ఢాం చప్పుళ్ళు దగ్గరయ్యాయి. అవి టపాకాయలు కావని అప్పుడు అర్థమైంది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని లలితా సహస్రనామం మొదలుపెట్టింది. నాకు మా అబ్బాయి మొహం కళ్ళముందు మెదిలింది.

అంతలో తుప్పల్లోంచి ఒక కుక్క, దాని వెనక తుపాకీ పట్టుకున్న పెద్దాయన. డెబ్బై ఏళ్ళుంటాయి. తలమీద నారింజ టోపీ, ఒంటిమీద నారింజ కోటు. మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. ముందు తుపాకీని మధ్యకి విరిచి, గుళ్ళు తీసి జేబులో వేసుకుని, అప్పుడు పలకరించాడు. నా ఇంగ్లీషు మీకు తెలిసిందే. "కార్... లేక్... లాస్ట్" అన్నాను. ఆయనకి అర్థమైంది.

వదిన కప్పుకున్న తెల్ల శాలువా చూపించి తల అడ్డంగా ఊపాడు. ఇక్కడి జింకలకి తోక కింద తెల్లగా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు ఆ తెలుపే మెరుస్తుంది. తుప్పల వెనక తెలుపు కదిలితే ఎవరైనా ఏమనుకుంటారు? తుపాకీతో వేటాడేవాళ్ళు ఆ నారింజ రంగు టోపీ గానీ కోటు గానీ వేసుకోవాలని ఈ రాష్ట్రంలో చట్టం ఉందనీ, నడిచేవాళ్ళకి చట్టం లేకపోయినా వేసుకోవడం మంచిదనీ చెప్పాడు. కంకర రోడ్డు దాకా వచ్చి కారు ఎటుందో చూపించాడు. మిగిలిన పులిహోర డబ్బాతో సహా ఇచ్చేశాం. నిమ్మకాయా అని అడిగాడు. చింతపండు అన్నాను. అది మాత్రం ఆయనకి అర్థం కాలేదు!

జంతువుల కోసం ఉన్న భూమిలో వేట ఏమిటి అని మీకూ అనుమానం వచ్చే ఉంటుంది. మన దేశంలో 1972 చట్టంతో వేట మానిపించాం. ఇక్కడ పద్ధతి వేరు. వేటకి లైసెన్సు ఉంటుంది, కాలం ఉంటుంది, ఇన్నే కొట్టాలని లెక్క ఉంటుంది. ఫెజెంట్ అనే రంగురంగుల కోడిలాంటి పక్షిని ప్రభుత్వమే ఫారంలో పెంచి, సీజనులో తెచ్చి ఇలాంటి చోట్ల వదులుతుంది. ఆ పెద్దాయన వచ్చింది దానికోసమే. లైసెన్సుల మీద వచ్చే డబ్బు ఈ భూముల్ని కొనడానికీ, చూసుకోవడానికీ పనికొస్తుంది. 1937లో చేసిన చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను కూడా జంతువుల సంరక్షణకే రాష్ట్రాలకి పంచుతారు. చంపేవాళ్ళ డబ్బుతో కాపాడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఆ డబ్బు లేకపోతే ఆ ఆరువేల ఎకరాల్లో ఇళ్ళు లేచి ఉండేవేమో అని కూడా అనిపిస్తుంది. మీరేమంటారు?

అసలు కథ ఇంటికొచ్చాక. స్నానం చేస్తుంటే మోకాలి వెనక నువ్వుగింజంత నల్లగా ఏదో తగిలింది. గిల్లితే రాలేదు. చూద్దును కదా, కాళ్ళున్నాయి! మన ఊళ్ళో గేదెలకి పట్టే గోమారి లాంటిదే. ఇక్కడ జింకల పురుగు అంటారు. దాంతో లైమ్ అనే జబ్బు వస్తుంది. లైమ్ అనేది కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరు. 1970లలో అక్కడ పిల్లలకి కీళ్ళనొప్పులు ఎక్కువగా వస్తున్నాయని ఇద్దరు తల్లులు పట్టుబట్టి అడగబట్టే ఆ జబ్బు సంగతి బయటపడింది.

మన అలవాటు ప్రకారం చెయ్యి కిరసనాయిలు కోసం వెతికింది. అది చెయ్యకూడదు. నూనె, వేజలీన్, అగ్గిపుల్ల ఏదీ వద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి దాని మూతి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. తర్వాత సబ్బుతో కడగాలి. పురుగు పట్టుకుని ఒక రోజు దాటకముందే తీసేస్తే లైమ్ జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. నాకు పట్టి కొన్ని గంటలే. అయినా 30 రోజులపాటు ఎర్రటి మచ్చ పాకుతుందా, జ్వరం వస్తుందా అని చూసుకోవాలి. వస్తే డాక్టరుకి పురుగు సంగతి చెప్పాలి.

చెల్లెమ్మలూ, ఒక నిజం చెప్తాను. ఆ పురుగుని కాగితంలో చుట్టి, మావారికి చెప్పాలా వద్దా అని గంటసేపు ఆలోచించాను. చెబితే తప్పిపోయిన సంగతీ చెప్పాలి, తుపాకీ సంగతీ చెప్పాలి. "ఇంక నువ్వెక్కడికీ పోవద్దు" అంటారు. ఆ ఒక్క నడకా పోతే నాకు మళ్ళీ ఫ్రిజ్ చప్పుడే. చెప్పకపోతే రేపు జ్వరం వచ్చి నేను పడుకుంటే, ఎందుకొచ్చిందో డాక్టరుకి చెప్పేవాళ్ళెవరు? భోజనాలయ్యాక కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన కోప్పడ్డారు. కోప్పడవలసిందే. నేనూ ఊరుకోలేదు. "తప్పు చేశాను, నేర్చుకున్నాను. మీరు డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు కారు గుద్దలేదా?" అన్నాను. ఇంక మాట్లాడలేదు. నెలరోజులూ రోజూ పొద్దున్న నా కాలు చూసి గానీ ఆఫీసుకి వెళ్ళలేదు. మచ్చ రాలేదు, జ్వరం రాలేదు.

తర్వాత ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఆదివారం విల్లుతో జింకల వేట తప్ప తుపాకీ వేట ఉండదు. అయినా ముగ్గురం నారింజ చొక్కాలే. మూడో చొక్కా మావారిది. బురదొచ్చినా పక్కకి తిరగలేదు. చెరువు కుడిచేతి వైపే ఉంది. సగం దారిలో నీళ్ళ మీద తెల్లతల గద్ద తిరిగింది. 1970లలో ఈ రాష్ట్రం మొత్తానికి వాటి గూడు ఒక్కటే మిగిలిందట. డిడిటి మందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి పగిలిపోయేవి. 1972లో ఆ మందు ఆపారు. 1980లలో కెనడా నుంచి గద్దపిల్లల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు రెండు వందల జంటలు దాటాయి. మేము చూసింది వాటిలో ఒకదాన్ని. రెండున్నర గంటల్లో కారు దగ్గర తేలాం.

మీరు వెళ్ళేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

వేట సీజన్ ఎప్పుడో ముందే కనుక్కోండి. నారింజ రంగు వేసుకోండి. తెలుపు, గోధుమ రంగు వద్దు.

చీర, చుడీదార్ బదులు ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సులోకి దోపుకోండి. లేతరంగు ప్యాంటైతే పురుగు కనబడుతుంది.

ఫోను నిండా చార్జింగ్, ఒక టార్చి, నీళ్ళు ఉండాలి. పొద్దు ఎప్పుడు గూకుతుందో చూసి, దానికి గంట ముందే కారు దగ్గర ఉండేలా బయల్దేరండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

ఇంటికి రాగానే విప్పిన బట్టల్ని పది నిమిషాలు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద తిప్పితే పురుగులు చస్తాయి. రెండు గంటల్లోపు స్నానం చెయ్యండి. మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టులో చూసుకోండి. చిన్న పురుగైతే గసగసాలంతే ఉంటుంది.

దారిలో తినడానికి చిమ్మిలే మేలు. వేయించిన నువ్వులు ఒక గ్లాసు, తరిగిన బెల్లం ముప్పావు గ్లాసు, రెండు యాలకులు కలిపి దంచి ఉండ కట్టడమే. పాకం పని లేదు, పాడవదు. రెండు ఉండలు తింటే గంట నడవొచ్చు.

వచ్చేవారం ఇండియన్ స్టోర్‌లో దొరికే గడ్డకట్టిన ఉసిరికాయలతో నిలవ పచ్చడి పట్టొచ్చా లేదా చెప్తాను. వదిన పట్టొచ్చంటోంది. నాకు నమ్మకం లేదు.