విటుల ఎంపికలో జాతి, కుల వివక్ష

విటుల ఎంపికలో వివక్ష అనగా లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు తమ వద్దకు వచ్చు పురుషులను వారి జాతి, వర్ణం, కులం లేదా దేశం కారణంగా నిరాకరించడం. స్వతంత్రంగా ఈ వృత్తి చేసేవారిని పాశ్చాత్య దేశాలలో ఎస్కార్టులు అంటారు. ఈ విషయమై రెండు హక్కుల మధ్య ఘర్షణ ఉన్నది. మొదటిది, తన శరీరాన్ని ఎవరు తాకవచ్చునో నిర్ణయించుకొనే హక్కు. రెండవది, పుట్టుక కారణంగా ఎవరూ అవమానింపబడకుండా ఉండే హక్కు. ఈ సమస్య పరాయి దేశాలదని పైకి అనిపించినా, ఒకప్పటి బళ్ళారి, అనంతపురం జిల్లాల బసివి ఆచారంలో దీనిని పోలిన నియమం కనబడుతుంది.

ముందస్తు విచారణ

స్వతంత్ర ఎస్కార్టులకు యజమాని గాని, దళారీ గాని, కాపలాదారు గాని ఉండరు. అపరిచితునితో ఒంటరిగా గదిలో ఉండవలసి వస్తుంది. అందుచేత కలుసుకొనడానికి ముందే వారు విటుని గురించి విచారణ చేస్తారు. దీనికి స్క్రీనింగ్ అని పేరు. సాధారణంగా అసలు పేరు, ఫోను నెంబరు, ఉద్యోగం చేసే చోటు అడుగుతారు. అంతకు ముందు అతనిని కలిసిన మరొక ఎస్కార్టు ఇచ్చే హామీని కోరతారు. కొంత సొమ్ము ముందుగా చెల్లించమంటారు. ప్రమాదకరమైన విటుల వివరాలను తమలో తాము పంచుకొంటారు. దౌర్జన్యం, దోపిడీ, మారువేషంలో వచ్చే పోలీసులు - ఈ మూడింటి నుండి కాపాడుకొనడం ఈ విచారణ లక్ష్యం.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2018 ఏప్రిల్ 6న బ్యాక్‌పేజ్ అనే ప్రకటనల వెబ్‌సైటును ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. అదే నెల 11న ఫోస్టా చట్టం అమలులోకి వచ్చింది. మనుషుల అక్రమ రవాణాను అరికట్టడం దాని ఉద్దేశ్యం. అయితే దాని వలన విటుల గురించి హెచ్చరికలు పంచుకొనే వేదికలు కూడా పలుచోట్ల మూతపడ్డాయని, విచారణ మరింత కష్టమైనదని ఈ వృత్తిలోని వారి సంఘాలు విమర్శించాయి.

జాతిని కారణంగా చూపడం

అమెరికాలో కొందరు ఎస్కార్టులు నల్లజాతి పురుషులను అంగీకరించమని ప్రకటనలలోనే వ్రాయడం చాలాకాలంగా ఉన్నది. దక్షిణాసియా పురుషులను మినహాయించే ప్రకటనలు కూడా ఆంగ్లం మాట్లాడే దేశాలలో కనిపించాయి. పైకి చెప్పకుండా, ఇంటిపేరును బట్టి, మాట తీరును బట్టి జవాబు ఇవ్వకుండా ఉండేవారూ ఉన్నారు.

దీనికి మూడు రకాల సమర్థనలు వినబడతాయి. ఆ జాతి వారు దౌర్జన్యం చేస్తారనే భయం మొదటిది. వారిలో దళారులు ఉంటారనే అనుమానం రెండవది. నల్లజాతి వారిని కలిసే స్త్రీ వద్దకు కొందరు తెల్లజాతి విటులు రారు కనుక ఆదాయం పోతుందనే లెక్క మూడవది. ఈ మూడవ కారణాన్ని గమనింపవలసి ఉన్నది. ఇక్కడ వివక్ష ఆ స్త్రీతో మొదలు కాలేదు. సొమ్ము చెల్లించువాని వివక్షనే ఆమె తన నియమంగా మార్చుకొన్నది.

మొదటి రెండు కారణాలు బానిసత్వ కాలం నుండి నల్లజాతి పురుషునిపై వేసిన ముద్రకు కొనసాగింపు. పైగా జాతిని చూచి వడపోసే స్త్రీకి రక్షణ కూడా పెరగదు. ఇష్టమైన జాతికి చెందినవాడనే ధైర్యంతో ఆమె పేరు, ఉద్యోగం, హామీ సరిచూడకుండా వదిలివేస్తే ప్రమాదం పెరుగుతుంది. హామీ పద్ధతిలో మరొక చిక్కు ఉన్నది. ఎవరూ అంగీకరించని వానికి హామీ ఇచ్చేవారు ఉండరు. హామీ లేని వానిని ఎవరూ అంగీకరించరు. ఈ విధంగా ఒకసారి మొదలైన మినహాయింపు తనంతట తాను కొనసాగుతుంది.

ప్రాచీన గ్రంథాలలో

విటుని ఎంపిక మన దేశంలో చర్చించిన విషయమే. వాత్స్యాయనుని కామసూత్రములలో ఆరవ అధికరణమైన వైశికంలో వేశ్య ఎవరిని అంగీకరించవచ్చును, ఎవరిని విడువవలెను అనే ప్రకరణం ఉన్నది. విడువవలసిన వారిలో క్షయరోగి, పరుషంగా మాట్లాడువాడు, లోభి, నిర్దయుడు, దొంగ, సిగ్గులేనివాడు మొదలైన వారున్నారు. ఇవన్నీ ఆరోగ్యం, గుణం, ప్రవర్తనలకు సంబంధించినవి. విడువవలసిన వారి ఆ పట్టికలో వర్ణం పేరు లేదు. అయితే నాయకుని గుణాలు చెప్పేచోట గొప్ప కులంలో పుట్టడం ఒక యోగ్యతగా లెక్కింపబడింది.

కౌటిల్యుని అర్థశాస్త్రం, రెండవ అధికరణంలోని గణికాధ్యక్ష ప్రకరణం, మరొక వైపు చూపుతుంది. రాజాజ్ఞ అయిన తరువాత పురుషుని వద్దకు పోని గణికకు వేయి కొరడా దెబ్బలు లేదా 5,000 పణాల జరిమానా అని అందులో ఉన్నది. సొమ్ము తీసుకొని నిరాకరించిన ఆమెకు సొమ్ముకు రెట్టింపు శిక్ష ఉన్నా, రోగం వలన, పురుషుని దోషాల వలన నిరాకరిస్తే తప్పు లేదని మినహాయింపు ఇచ్చారు. నిరాకరించే హక్కు ఎవరి చేతిలో ఉండాలనే ప్రశ్న అప్పటికే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

బళ్ళారి, అనంతపురం ప్రాంతంలో బసివి ఆచారం

నేటి శ్రీ సత్యసాయి జిల్లా అగళి మండలం కర్ణాటక సరిహద్దున ఉన్నది. ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి ఏర్పడింది. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి ఏర్పడింది. ఈ పాత బళ్ళారి ప్రాంతంలోనే బసివి ఆచారం గురించి బ్రిటిషు అధికారులు వివరంగా వ్రాసి పెట్టారు.

డబ్ల్యు. ఫ్రాన్సిస్ సంకలనం చేసి 1904లో వెలువరించిన బళ్ళారి జిల్లా గెజిటీరు ప్రకారం, మగసంతానం లేని తల్లిదండ్రులు దత్తత తీసుకొనడానికి బదులు కూతురిని దేవునికి అంకితం చేసేవారు. ఆమె కొడుకు వలె ఆస్తికి వారసురాలయ్యేది. తల్లిదండ్రులకు ఉత్తరక్రియలు చేసేది. పెండ్లి లేకుండా పుట్టింటనే ఉండి, తాను ఎంచుకొన్న పురుషునితో జీవించేది. పిల్లలకు ఆమె తండ్రి ఇంటిపేరే వచ్చేది. అయితే ఆ ఎంపికకు ఒక హద్దు ఉండేది. ఆ పురుషుడు ఆమెతో సమానమైన కులం వాడో, అంతకంటె పై కులం వాడో అయి ఉండవలెను.

నేటి ప్రకటనలలోని నియమానికి ఇది దగ్గరి పోలిక. స్త్రీకి ఎంపిక ఉన్నది, కాని కింది కులం వాడు మొదటనే మినహాయింపబడ్డాడు. ఆ మినహాయింపు ఆమె సొంత భయం నుండి గాని, ఇష్టం నుండి గాని వచ్చినది కాదు. కులవ్యవస్థ ఆమె పేరిట పెట్టినది.

ఎంపిక లేని స్త్రీలు

కాలక్రమంలో ఆస్తి, వారసత్వం పోయి అంకితం మాత్రమే మిగిలిన చోట ఎంపిక కూడా మిగలలేదు. రాయలసీమలో బసివి, చిత్తూరు ప్రాంతంలో మాతమ్మ, తెలంగాణలో జోగిని అనే పేర్లతో అంకితం చేయబడినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల బాలికలు. ఊరి పెత్తందార్లు వారిని ఊరుమ్మడి సొత్తుగా చూచారు. పగలు తాకితే మైల అన్న వారికే రాత్రి ఆ నియమం గుర్తు రాలేదు. ఎవరిని నిరాకరించాలనే ప్రశ్న ఆ స్త్రీల ముందుకు ఎన్నడూ రాలేదు.

1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న అనంతపురం జిల్లాకు అది వర్తించింది. తరువాత 1988లో ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ రాష్ట్రమంతటికీ వర్తించే దేవదాసీ అంకిత నిషేధ చట్టాన్ని చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇటువంటి స్త్రీలు సుమారు 80,000 మంది ఉన్నారని జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య సంఘం తెలిపింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది. ఆ కులాల, తెగల స్త్రీని దేవదాసిగా అంకితం చేయడం దీనితో అత్యాచార నేరాలలో చేరింది.

భారతదేశ చట్టం

1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం వ్యభిచార గృహం నడపడం, ఇతరుల వ్యభిచార సంపాదనపై బ్రతకడం, స్త్రీలను ఇందులోకి దింపడం, బహిరంగంగా విటులను పిలవడం నేరాలు. వయోజన స్త్రీ స్వచ్ఛందంగా చేసే వృత్తి స్వతహాగా నేరం కాదు. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు అధ్యక్షతన గల సుప్రీం కోర్టు ధర్మాసనం ఈ విషయాన్ని గుర్తించి, ఈ స్త్రీలను పోలీసులు గౌరవంతో చూడవలెనని ఆదేశించింది. అంతకు ముందు 1990లో మధుకర్ నారాయణ్ మార్దీకర్ కేసులో, శీలం గురించి లోకం ఏమనుకొన్నా ఏ స్త్రీ అయినా తన ఏకాంతానికి రక్షణ పొందగలదని అదే కోర్టు చెప్పింది.

వివక్ష వైపు నుండి చూస్తే, రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలలో కులం, జాతి, మతం కారణంగా ప్రవేశం నిరాకరించడాన్ని నిషేధిస్తున్నది. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసు తీర్పులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి దుకాణం అనే మాటకు విస్తృతార్థం చెప్పి, సేవలు అందించే సంస్థలను కూడా అందులో చేర్చారు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షను అంటరానితనం కారణంగా సరుకు అమ్మకపోవడాన్ని, సేవ చేయకపోవడాన్ని శిక్షార్హం చేసింది. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి, మంగలి దుకాణంలో నిరాకరణ ఈ కోవలోనివి.

అయితే శరీరం టీ గ్లాసు వంటిది కాదు. అనైతిక ఉద్దేశ్యంతో కూడిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం చెల్లదు. సొమ్ము తీసుకొన్నా సరే, సమ్మతి లేని సంభోగం మానభంగమే. కనుక వివక్ష కారణం చెప్పి ఏ స్త్రీనైనా ఏ పురుషునికైనా అంగీకరింపజేసే మార్గం చట్టంలో లేదు, ఉండకూడదు కూడా.

ఇతర దేశాలలో

న్యూజీలాండులో ఈ వృత్తి 2003 చట్టంతో నేరాల పరిధి నుండి తొలగింది. ఆ చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒప్పందం ఉన్నప్పటికీ, ఏ సమయంలోనైనా నిరాకరించే హక్కు ఆ వృత్తిలోని వారికి ఉన్నది. అదే దేశపు 1993 మానవ హక్కుల చట్టం సేవలలో జాతివివక్షను నిషేధిస్తున్నది. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం హోటళ్ళు, థియేటర్ల వంటి చోట్ల జాతివివక్షను నిషేధించింది. కాని నెవాడా రాష్ట్రంలోని కొన్ని కౌంటీలలో లైసెన్సు పొందిన గృహాలను మినహాయిస్తే ఆ దేశంలో ఎక్కడా ఈ లావాదేవీ చట్టబద్ధం కాదు. చట్టం ముందుకు రాలేని లావాదేవీలో జరిగిన వివక్ష కూడా చట్టం ముందుకు రాదు.

సమీక్ష

ఈ చర్చలో మూడు విషయాలను వేరుచేసి చూడవలసి ఉన్నది. ఒక స్త్రీ ఒక పురుషుని, ఒకనాడు, ఏ కారణంతోనైనా నిరాకరించడం ఆమె హక్కు. కారణం చెప్పవలసిన పని లేదు. తన శరీరంపై హక్కు లేనప్పుడు ఏమి జరుగుతుందో జోగినుల, మాతమ్మల చరిత్రే చెబుతుంది. రెండవది, ఫలానా జాతివారు రావద్దని నలుగురికీ తెలిసేటట్లు వ్రాయడం. అది ఆమె రక్షణకు ఏమీ చేర్చదు, ఆమె వద్దకు రాదలచని ఆ జాతివారిని కూడా అవమానిస్తుంది. మూడవది, వెబ్‌సైట్లు, దళారులు, గృహ యజమానులు జాతిని బట్టి విటులను విభజించడం. వారి శరీరం ఇందులో లేదు. కనుక శరీరంపై హక్కు అనే సమర్థన వారికి వర్తించదు.

వాత్స్యాయనుని పట్టికకు, గెజిటీరులో వ్రాసిన బసివి నియమానికి గల భేదం ఇక్కడ ఉపయోగపడుతుంది. మొదటిది మనిషి ఏమి చేస్తాడని అడుగుతుంది. రెండవది ఎక్కడ పుట్టాడని అడుగుతుంది. అపరిచితునితో ఒంటరిగా ఉండవలసిన స్త్రీని కాపాడగలిగేది మొదటి ప్రశ్న మాత్రమే.